స్టీల్‌హెడ్ చేపల్ని పట్టడం, గుడ్లు తీయడం: నింబస్ హేచరీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కాలిఫోర్నియాలో శాక్రమెంటో పక్కన ఫోల్సమ్, రాంచో కార్డోవా వైపు మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, పిల్లలకు సెలవులు ఇచ్చినప్పుడు హైవే 50 మీద హేజెల్ ఎవెన్యూ దగ్గర దిగి, చేపల గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచే నింబస్ హేచరీకి వెళ్ళడం ఇక్కడ మామూలే. అందరూ నవంబరులో సాల్మన్ చేపల కోసం వెళ్తారు. అసలు చూడాల్సింది జనవరి, ఫిబ్రవరి నెలల్లో వచ్చే స్టీల్‌హెడ్‌ని అని నా అభిప్రాయం. ఆ చలిలో నాతో వచ్చినవాళ్ళు అడిగిన ప్రశ్నలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇవి.

స్టీల్‌హెడ్ అంటే ఏ చేప? సాల్మనా, ట్రౌటా?

రెయిన్‌బో ట్రౌటే. శాస్త్రీయ నామం ఆంకోరింకస్ మైకిస్. ఒకే జాతి చేపలో కొన్ని పుట్టిన ఏట్లోనే జీవితమంతా గడిపేస్తాయి, వాటిని రెయిన్‌బో ట్రౌట్ అంటారు. కొన్ని ఏడాదో రెండేళ్ళో ఏట్లో పెరిగి సముద్రానికి పోతాయి. అక్కడ ఒకటి నుంచి మూడేళ్ళు తిని బలిసి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ ఎదురీదుకుంటూ పుట్టిన చోటికే వస్తాయి. వాటినే స్టీల్‌హెడ్ అంటారు. ఒకే తల్లి కడుపున పుట్టిన పిల్లల్లో కొన్ని ఉండిపోవచ్చు, కొన్ని వెళ్ళిపోవచ్చు.

ఈ రెండూ వేరు కావని తేల్చిన ఉదాహరణ వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎల్వా నది. దాదాపు వందేళ్ళు అడ్డుగా ఉన్న రెండు డ్యాములను 2011 నుంచి 2014 మధ్య కూల్చారు. ఆ తర్వాత వేసవిలో వచ్చే స్టీల్‌హెడ్ మళ్ళీ కనిపించింది. జన్యువులు పరీక్షిస్తే, డ్యాముల ఎగువన చిక్కుకుపోయి తరతరాలుగా ట్రౌట్‌లా బతికిన చేపల వారసులే చాలావరకు సముద్రం బాట పట్టాయని తెలిసింది.

నీలగిరుల్లో అవలాంచి దగ్గర, హిమాచల్ ఏరుల్లో కనిపించే రెయిన్‌బో ట్రౌట్ కూడా ఈ జాతిదే. బ్రిటిష్‌వాళ్ళ కాలంలో బయటి నుంచి తెచ్చి వదిలారు.

మరి సాల్మన్‌కీ దీనికీ తేడా ఏమిటి?

ఈ పేజీలోని మిగతా విషయాలన్నీ అర్థం కావాలంటే ముందు ఇది తెలియాలి. ఇక్కడికొచ్చే చినూక్ సాల్మన్ గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది. అందులో మినహాయింపు లేదు. స్టీల్‌హెడ్ అలా కాదు. చాలా చేపలు అలసటకు పోతాయన్నది నిజమే కానీ, కొన్ని మళ్ళీ సముద్రానికి చేరి, కోలుకుని, రెండోసారీ మూడోసారీ వస్తాయి. అలా తిరిగొచ్చేవాటిలో ఆడవే ఎక్కువ. అందుకే హేచరీలో సాల్మన్ దగ్గర చేసే పని ఒక రకం, స్టీల్‌హెడ్ దగ్గర చేసే పని ఇంకో రకం. చినూక్‌ని చంపి పొట్ట కోసి గుడ్లు తీస్తారు, అది ఎలాగూ పోయే చేపే. స్టీల్‌హెడ్‌ని మాత్రం బతికుండగానే గుడ్లు తీసి వదలాలి. అంటే ప్రతి అడుగులోనూ దాని ప్రాణం చూసుకుంటూ పని చేయాలి.

ఈ హేచరీ ఎందుకు కట్టారు?

ఫోల్సమ్ డ్యామ్, దానికి సుమారు 7 మైళ్ళ దిగువన నింబస్ డ్యామ్, ఈ రెండూ 1950ల మధ్యలో అమెరికన్ నది మీద లేచాయి. వాటితో ఎగువనున్న వంద మైళ్ళకు పైగా ఏరు చేపలకు మూసుకుపోయింది. నిసెనాన్ తెగవాళ్ళు తరతరాలుగా చేపలు పట్టుకున్న నది ఇది. ఇప్పుడు సముద్రం నుంచి వచ్చే చేపకు మిగిలింది నింబస్ నుంచి శాక్రమెంటో నదిలో కలిసేదాకా ఉన్న 23 మైళ్ళే.

డ్యామ్ కట్టిన బ్యూరో ఆఫ్ రిక్లమేషన్, ఆ నష్టానికి బదులుగా ఈ హేచరీని 1955లో కట్టింది. ఖర్చు ఇప్పటికీ వాళ్ళదే. నడిపేది కాలిఫోర్నియా రాష్ట్ర చేపలు, వన్యప్రాణుల శాఖ. కాబట్టి దీన్ని చేపల ఫారం అనుకోకండి. ఇక్కడ అమ్మకం లేదు. నది దగ్గర తీసుకున్నదానికి ఏటా కట్టే బాకీ ఇది.

ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. ఐడహోలో 717 అడుగుల ఎత్తున్న డ్వార్షాక్ డ్యామ్‌కు చేపలు ఎక్కే దారే లేదు. దానికి బదులుగా కట్టిన స్టీల్‌హెడ్ హేచరీ ఆ డ్యామ్ కిందే ఉంది. దాని నిర్వహణలో నెజ్ పెర్స్ తెగది ప్రధాన పాత్ర.

చేపలు సరిగ్గా ఇక్కడికే ఎలా వస్తాయి? ఎర ఏమైనా వేస్తారా?

ఎర అక్కర్లేదు, వాసనే దారి చూపిస్తుంది. పిల్లగా ఉన్నప్పుడు, సముద్రానికి బయల్దేరే ముందు, చేప తన ఏటి నీటి వాసనను గుర్తుపెట్టుకుంటుంది. ఆర్థర్ హాస్లర్, వారెన్ విస్బీ 1951లో ఈ సంగతిని ప్రతిపాదించారు. తర్వాత మిషిగన్ సరస్సులో కోహో సాల్మన్ పిల్లలకు మార్ఫోలిన్ అనే రసాయనం వాసన అలవాటు చేసి వదిలితే, పెద్దయ్యాక అదే రసాయనం కలిపిన ఏటిని వెతుక్కుంటూ వచ్చాయి.

హేచరీలో పెరిగిన పిల్లకు ఆ వాసన హేచరీ నీళ్ళదే. అందుకే చేపలు హేచరీలోకి ఎక్కడానికి కట్టిన నిచ్చెన మెట్ల మీదుగా కిందికి పారే నీరు పెద్ద చేపను లాగుతుంది. పిల్లల్ని లారీల్లో చాలా దూరం తీసుకెళ్ళి సముద్రం దగ్గర వదిలితే ఈ గుర్తు చెదిరిపోతుంది. అలా వదిలిన సాల్మన్ చేపలు పెద్దయ్యాక వేరే నదుల్లోకి దారితప్పడం కాలిఫోర్నియాలో బాగా నమోదైంది.

నిచ్చెన, ట్రాప్ ఎలా పనిచేస్తాయి?

నిచ్చెన అంటే మెట్లు మెట్లుగా కట్టిన సిమెంటు కాలువ. ప్రతి మెట్టూ ఒక చిన్న మడుగు. చేప ఒక మడుగులో కాసేపు ఆగి పైదానిలోకి దూకుతుంది, లేదా కింది కంతలోంచి దూరుతుంది.

పాత రోజుల్లో ప్రతి శరత్కాలంలోనూ నదికి అడ్డంగా ఇనుప కమ్మీల తడిక పెట్టేవారు. చేప అక్కడ ఆగిపోయి, పక్కకు తిరిగి నిచ్చెన ఎక్కేది. మన గోదావరి జిల్లాల్లో కాలవకు అడ్డంగా తడిక కట్టి మావు పెట్టే పద్ధతి చూసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. కానీ వరద వచ్చినప్పుడల్లా ఆ తడిక దెబ్బతినేది, దాన్ని పెట్టడానికీ తీయడానికీ నదిలో నీళ్ళు తగ్గించాల్సి వచ్చేది. ఈ మధ్య ఏళ్ళలో నిచ్చెనను నింబస్ డ్యామ్ కిందనున్న మడుగు దాకా పొడిగించారు. ఇక చేపను డ్యామే ఆపుతుంది, వేరే తడికతో పనిలేదు.

నిచ్చెన పైకి చేరిన చేప ఒక పెద్ద తొట్టెలో పడుతుంది, అదే ట్రాప్. వెనక్కి పోవడానికి ఉండదు. పని రోజున ఆ తొట్టెలో కమ్మీల చట్రం ఒకటి వెనక నుంచి మెల్లగా జరుగుతూ చేపల్ని ముందుకు తోస్తుంది. కొద్దికొద్దిగా చేపల్ని పైకెత్తి మత్తు తొట్టెలోకి దించుతారు. తొట్టెలో ఎక్కువ రోజులు ఉంచకూడదు. ఇరుకులో ఒకదానికొకటి రాసుకుని పొలుసులు ఊడితే అక్కడ బూజు పడుతుంది.

మత్తు ఎందుకు? ఏ మందు?

మూడు నాలుగు కిలోల చేప ఎగిరెగిరి పడుతుంటే దానికీ దెబ్బే, పట్టుకున్న మనిషికీ దెబ్బే. చాలాచోట్ల నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ కలుపుతారు. ట్రైకైన్ అనే మందు చేపకు ఇంకా సుఖం. కానీ అది వాడిన చేపను మనుషులు తినాలంటే 21 రోజులు ఆగాలని నిబంధన ఉంది. ఇవాళ నదిలోకి వదిలిన చేప రేపు ఎవరి గాలానికైనా పడొచ్చు కదా. అందుకే వదిలేసే చేపలకు ఆ మందు జోలికి పోరు. కొన్ని హేచరీల్లో తక్కువ స్థాయి కరెంటుతో చేపను కాసేపు కదలకుండా చేస్తారు.

లోపలికి వచ్చిన ప్రతి చేపనూ వాడుకుంటారా?

లేదు, మత్తెక్కిన చేపను పెట్టే బల్ల దగ్గర ముందు జరిగేది ఏరివేతే. నాలుగైదు సంగతులు క్షణాల్లో తేల్చేస్తారు.

మొదట చూసేది వీపు. పెద్ద రెక్కకూ తోకకూ మధ్యలో చిన్న కండ లాంటి రెక్క ఒకటి ఉంటుంది, అడిపోజ్ ఫిన్ అంటారు. కాలిఫోర్నియా హేచరీల్లో పెంచే ప్రతి స్టీల్‌హెడ్ పిల్లకూ 1990ల చివరి నుంచీ దాన్ని కత్తిరించి వదులుతున్నారు. అది లేకపోతే హేచరీ చేప, ఉంటే నదిలో సహజంగా పుట్టిన చేప. సహజంగా పుట్టినదాన్ని లెక్క రాసుకుని నదికి పంపేస్తారు. సెంట్రల్ వ్యాలీ స్టీల్‌హెడ్ 1998 నుంచీ ప్రమాదంలో ఉన్న జాతిగా ఫెడరల్ చట్టం రక్షణలో ఉంది.

తర్వాత పొడవు. రాష్ట్ర నిబంధనల ప్రకారం సముద్రంతో సంబంధమున్న నీళ్ళలో 16 అంగుళాలు దాటిన రెయిన్‌బో ట్రౌట్‌నే స్టీల్‌హెడ్ అంటారు. ఆ తర్వాత ఆడా మగా. మగదానికి కింది దవడ కొక్కెంలా వంగి, పక్కల ఎర్రటి చార గాఢంగా ఉంటుంది. అప్పుడే సముద్రం నుంచి వచ్చినవైతే రెండూ వెండిలా మెరుస్తూ, చూడగానే చెప్పడం కష్టంగా ఉంటాయి.

చివరిదీ, అన్నిటికన్నా అనుభవం కావాల్సిందీ, గుడ్లు తయారయ్యాయా లేదా అన్నది. తడి చేతి తొడుగుతో పొట్ట కింద బొటనవేలు ఆనించి తడుముతారు. పచ్చిగా ఉంటే పొట్ట గట్టిగా బిగిసి ఉంటుంది, లోపల గుడ్లు ఇంకా పొరకు అతుక్కునే ఉంటాయి. పండితే మెత్తగా జారుతుంది. చేప తల పైవైపు ఉండేలా ఎత్తి పట్టుకుంటే గుడ్లు పొట్ట కింది భాగంలోకి కదిలిపోవడం వేలికి తెలుస్తుంది. పచ్చివాటిని వేరే తొట్టెలో ఉంచి వారం పది రోజుల తర్వాత మళ్ళీ చూస్తారు. తొందరపడి నొక్కితే ఆ గుడ్లన్నీ పాడు. ఏళ్ళ తరబడి ఈ పని చేసినవాళ్ళ చేతికి ఇది రెండు క్షణాల పని. నాకు ఆ బల్ల దగ్గర గంటసేపు నిలబడినా విసుగు రాదు.

బతికున్న చేపలోంచి గుడ్లు ఎలా తీస్తారు?

రెండు పద్ధతులు. ఒకటి చేత్తో పొట్టను ముందు నుంచి వెనక్కి నిమురుతూ దించడం. రెండోది గాలితో. స్టీల్‌హెడ్‌కు చాలా హేచరీలు ఎంచుకునేది ఈ రెండోదే.

మత్తులో ఉన్న ఆడచేపను శుభ్రంగా తుడుస్తారు. ఒళ్ళంతా నీళ్ళు కారుతూ ఉండకూడదు, కారణం కింద చెప్తాను. ఒకరు తలా తోకా పట్టుకుని కొంచెం ఏటవాలుగా ఉంచుతారు. ఇంకొకరు పొట్ట కింది రెక్క దగ్గర సన్నటి సూది గుచ్చి, చాలా తక్కువ ఒత్తిడితో గాలి పంపుతారు. పొట్ట కాస్త ఉబ్బుతుంది. ఒక్క క్షణం ఏమీ జరగదు. ఆ తర్వాత గుడ్లు ధారకట్టి గిన్నెలోకి జారతాయి. ఒక్కోటి కందిగింజంత, నారింజ రంగులో, లోపలి నుంచి వెలుగు కనిపించేంత స్వచ్ఛంగా ఉంటాయి. చేత్తో గట్టిగా నొక్కే పని ఉండదు కాబట్టి లోపలి అవయవాలు నలగవు, గుడ్లూ పగలవు. పగిలిన గుడ్డులోని సొన గిన్నెలో కలిస్తే పక్క గుడ్లు ఫలదీకరణ చెందకుండా అడ్డుపడుతుంది.

చేప సైజును బట్టి ఒక్కదాని నుంచి కొన్ని వేల గుడ్లు వస్తాయి. అంతా అయ్యాక మర్చిపోకూడని పని ఒకటుంది. లోపల మిగిలిన గాలిని పొట్ట మెల్లగా అదిమి బయటికి తీసేయాలి. లేకపోతే చేప నీళ్ళలో మునగలేక తేలుతూ ఉండిపోతుంది. తర్వాత మంచినీళ్ళ తొట్టెలో మొప్పలు సక్రమంగా ఆడేదాకా ఉంచి, నదికి వదులుతారు.

వచ్చిన స్నేహితుల్లో కొందరు ఇది చూసి చేపకు ఎంత బాధో అంటారు. బాధ లేదని నేను చెప్పను. కానీ చేప నీళ్ళ బయట ఉండే సమయాన్ని తగ్గించడానికి అక్కడున్న ప్రతివాళ్ళూ ఎలా వేగిరపడతారో ఒకసారి గమనించండి.

గిన్నెలో నీళ్ళు లేకుండా ఎందుకు చేస్తారు? చేప నీళ్ళలోనే కదా గుడ్లు పెట్టేది?

మంచి ప్రశ్న, పిల్లలే ఎక్కువగా అడుగుతారు. మగచేప వీర్యకణాలు నీరు తగిలేదాకా కదలవు. నీరు తగలగానే మేల్కొని ఈదడం మొదలుపెడతాయి, అర నిమిషం తిరిగేసరికి వాటి బలం అయిపోతుంది. గుడ్డుకు వీర్యకణం దూరే కంత ఒకే ఒక్కటి ఉంటుంది. నీరు తగిలిన కొద్దిసేపటికే అదీ మూసుకుపోతుంది. అంటే నీరు పడిన క్షణం నుంచి ఇద్దరికీ గడువు పరుగెడుతుంది.

నదిలో ఆడా మగా పక్కపక్కనే చేరి ఒకే క్షణంలో వదులుతాయి కాబట్టి సరిపోతుంది. ఇక్కడ గుడ్లు ముందు, వీర్యం తర్వాత వస్తాయి. అందుకే పొడి గిన్నెలో రెండూ బాగా కలిశాకే నీళ్ళు పోస్తారు. చేపను తుడిచేది కూడా ఇందుకే. తోక నుంచి నాలుగు చుక్కలు ముందే పడితే ఆ మేరకు గుడ్లు వృథా.

ఈ పొడి పద్ధతి రష్యాలో 19వ శతాబ్దం మధ్యలో వ్రాస్కీ కనిపెట్టాడు. ఇప్పటికీ ప్రపంచమంతా అదే.

మగచేపల విషయంలో ఇంకో జాగ్రత్త. ఒకే బలిసిన మగచేప వీర్యాన్ని పది తల్లుల గుడ్లకు వాడితే పని తేలిక, కానీ తర్వాతి తరమంతా ఒకే తండ్రి పిల్లలవుతాయి. అందుకే ఒక తల్లికి ఒక తండ్రి చొప్పున, లేదా ఒక తల్లి గుడ్లను పంచి వేరువేరు తండ్రులతో కలుపుతారు. పెద్దవే ఏరుకోకుండా, సీజన్ మొదట్లో వచ్చినవీ చివర్లో వచ్చినవీ అన్నీ ఉండేలా చూస్తారు. స్నేక్ నది పరీవాహకంలోని హేచరీలు తల్లిదండ్రుల రెక్క ముక్క నుంచి జన్యు నమూనా తీసి దాచుకుంటాయి. ఏళ్ళ తర్వాత దొరికిన చేప ఏ జంట పిల్లో దాన్నిబట్టి చెప్పగలరు.

మన దగ్గర రోహు, కట్లకు ఇంజెక్షన్ ఇస్తారు కదా, ఇక్కడా అంతేనా?

కైకలూరు, భీమవరం వైపు హేచరీలు చూసినవాళ్ళు తప్పకుండా అడుగుతారు. రోహు, కట్ల చెరువులో వాటంతట అవి గుడ్లు పెట్టవు. వాటికి వరద నీటి పారుదల కావాలి. 1957లో ఒడిశాలోని అంగుల్ దగ్గర చౌదరి, అలికున్హి పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి కార్ప్ చేపలతో గుడ్లు పెట్టించినప్పటి నుంచి మన చేపల సాగు తీరే మారింది. ఇప్పుడు ఓవాప్రిమ్ లాంటి మందులు వాడుతున్నారు. స్టీల్‌హెడ్ సముద్రం నుంచి వచ్చేటప్పుడే సిద్ధమవుతూ వస్తుంది కాబట్టి మామూలుగా ఇంజెక్షన్ అక్కర్లేదు, ఓపిక పట్టి ఆగితే చాలు.

సమయంలో తేడా చూడండి. రోహు గుడ్డు పద్నాలుగు నుంచి పద్దెనిమిది గంటల్లో పొదిగేస్తుంది. స్టీల్‌హెడ్‌కు 10 డిగ్రీల నీళ్ళలో దాదాపు నెల పడుతుంది.

ఆ నెల రోజులూ ఏం జరుగుతుంది?

నీళ్ళు పోశాక గుడ్డు గంటసేపు నీరు పీల్చి గట్టిపడుతుంది. అయొడిన్ ద్రావణంలో కాసేపు ఉంచి పైనున్న క్రిముల్ని చంపుతారు. గుడ్లతో పాటు వచ్చిన ద్రవాన్ని ల్యాబుకు పంపి ఐహెచ్‌ఎన్ అనే వైరస్ ఉందేమో చూస్తారు. ఆ జబ్బు తగిలితే పిల్లలు కుప్పలుగా పోతాయి.

మొదటి రెండు రోజుల తర్వాత గుడ్డు చాలా సున్నితమవుతుంది. చిన్న కుదుపుకే లోపలి పిండం చనిపోతుంది. ఆ రోజుల్లో ట్రేలు కదిలించరు, చల్లటి నీరు మెల్లగా పారిస్తూ ఉంటారు. బూజు పట్టకుండా ఫార్మలిన్ వాడతారు. సుమారు రెండు వారాలకు గుడ్డులో రెండు నల్లటి చుక్కలు కనిపిస్తాయి, అవే కళ్ళు.

కళ్ళు కనిపించాక చేసే పని మొదటిసారి చూస్తే గుండె ఆగుతుంది. అంత జాగ్రత్తగా చూసుకున్న గుడ్లను అడుగు ఎత్తు నుంచి నీళ్ళలోకి కావాలనే పోస్తారు. బతికున్న గుడ్డుకు ఇప్పుడు ఏమీ కాదు. ఫలదీకరణ చెందనిదాని లోపలి పొర చిట్లి, తెల్లగా మారిపోతుంది. తెల్లవాటిని చేత్తోగానీ యంత్రంతోగానీ ఏరేస్తారు. వాటిని వదిలేస్తే బూజు పట్టి చుట్టూ ఉన్న మంచివాటినీ చంపేస్తాయి.

పొదిగిన పిల్లకు పొట్ట కింద సొన సంచి వేలాడుతూ ఉంటుంది. అది కరిగేదాకా రెండు మూడు వారాలు మేత అక్కర్లేదు. తర్వాత పైకి ఈదుతూ వచ్చి నోరు తెరుస్తాయి. అప్పటి నుంచి రోజుకు చాలాసార్లు పొడి మేత. పొడవాటి సిమెంటు కాలువల్లో, పక్షులు వాలకుండా పైన వలలు కప్పి దాదాపు ఏడాది పెంచుతారు.

ఎన్ని పిల్లల్ని వదులుతారు? ఎన్ని తిరిగొస్తాయి?

నింబస్ వార్షిక లక్ష్యం 4,30,000 ఏడాది వయసు స్టీల్‌హెడ్ పిల్లలు. పౌనుకు నాలుగు తూగే సైజుకు వచ్చాక వదులుతారు. తిరిగొచ్చేవి వందకు ఒకటి ఉన్నా గొప్పే. శాక్రమెంటో డెల్టాలో నీటి పంపులు, స్ట్రైప్డ్ బాస్ చేపలు, పక్షులు, ఆ తర్వాత సముద్రం. నిచ్చెన ఎక్కుతూ కనిపించే ఒక్కో చేప అన్నీ దాటుకుని వచ్చింది.

కరువు వస్తే?

హేచరీకి నీళ్ళు జలాశయం నుంచే వస్తాయి. జలాశయం అడుగున చల్లటి నీరు అయిపోతే హేచరీలోకి వెచ్చటి నీరు వస్తుంది. 2014 వేసవిలో అదే జరిగింది. నీరు మరీ వేడెక్కుతుందని తెలిసి పిల్లల్ని గడువుకు చాలా ముందే వదిలేశారు. చల్లటి నీళ్ళ చేపకు ఇరవై డిగ్రీలు దాటిన నీరంటే ప్రాణసంకటం.

కరువొక్కటే కాదు. 2020లో సెంట్రల్ వ్యాలీ హేచరీల్లో చినూక్ పిల్లలు గిరగిరా తిరుగుతూ చనిపోవడం మొదలైంది. విటమిన్ బి1 లోపమని తేలింది. సముద్రంలో తల్లి చేపలు ఎక్కువగా ఆంకోవీలనే చిన్న చేపల్ని తినడంతో, వాటిలోని ఎంజైమ్ ఆ విటమిన్‌ను విరిచేస్తోంది. అప్పటి నుంచి తల్లులకు బి1 ఇంజెక్షన్, పిల్లలకు బి1 కలిపిన నీళ్ళు ఇస్తున్నారు.

హేచరీ చేపలు నదికి మేలా, కీడా?

రెండూ. దీన్ని దాచిపెట్టి హేచరీని మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు.

ఆరెగన్‌లోని హుడ్ నది స్టీల్‌హెడ్ మీద జరిగిన పరిశోధన 2007లో సైన్స్ పత్రికలో వచ్చింది. హేచరీలో పెరిగిన ఒక్కో తరానికీ నదిలో సంతానాన్ని కనే సామర్థ్యం సుమారు 40 శాతం పడిపోతోందని అందులో తేలింది. సిమెంటు కాలువలో బాగా బతికే చేప, రాళ్ళ మధ్య బాగా బతికే చేప ఒకటి కావు. అవి సహజ చేపలతో జతకడితే ఆ బలహీనత పాకుతుంది.

నింబస్‌కు ఇంకో చిక్కు ఉంది. మొదట్లో ఇక్కడ పెంచిన చేపలు ఈ నదివి కావు. ఎక్కువగా ఉత్తర తీరంలోని ఈల్ నది నుంచి గుడ్లు తెచ్చారు. అందుకే ఫెడరల్ అధికారులు రక్షణ జాబితాలోని సెంట్రల్ వ్యాలీ స్టీల్‌హెడ్‌లో నింబస్ చేపను కలపలేదు. ఈ మూలాన్ని మార్చి స్థానిక చేపతో మొదలుపెట్టాలన్న చర్చ ఏళ్ళుగా నడుస్తోంది. నా మట్టుకు నాకు అది త్వరగా తేలాలని ఉంది. బాకీ తీరుస్తున్నామంటే తీసుకున్న చేపనే తిరిగివ్వాలి కదా.

గుడ్లిచ్చాక వదిలిన చేపలు నిజంగా బతుకుతాయా?

కొన్ని బతుకుతాయి, ఎక్కువ పోతాయి. నెలల తరబడి సరిగా తినక ఒళ్ళు కరిగిపోయి ఉంటుంది. యాకిమా నది దగ్గర యాకమా తెగవాళ్ళు 1990ల చివర్లో మొదలుపెట్టిన పని నాకు చాలా నచ్చింది. సహజంగా గుడ్లు పెట్టి కిందికి పోతున్న చేపల్ని పట్టి, తొట్టెల్లో క్రిల్ (రొయ్యల్లాంటి చిన్న జీవులు), మేత అలవాటు చేసి, నెలల పాటు కోలుకోనిచ్చి మళ్ళీ నదిలో వదులుతున్నారు. వాటిలో కొన్ని మళ్ళీ గుడ్లు పెట్టాయి.

ఈ చేపను పట్టుకోవచ్చా? తినొచ్చా?

లైసెన్సు, దానితో పాటు స్టీల్‌హెడ్ రిపోర్ట్ కార్డ్ ఉండాలి. అడిపోజ్ రెక్క కత్తిరించి ఉన్నదాన్నే ఉంచుకోవాలి, రెక్క ఉన్నదాన్ని నీళ్ళలోనే కొక్కెం తీసి వదలాలి. నింబస్ డ్యామ్ కింద వేట నిషేధించిన భాగం ఉంది, వెళ్ళేముందు ఆ ఏటి నిబంధనలు చదువుకోండి. తినడానికి చాలా బాగుంటుంది. పులుసు కన్నా వేపుడు నయం, మాంసం త్వరగా విడిపోతుంది.

ఎప్పుడు వెళ్తే చూడొచ్చు? పెద్దవాళ్ళను తీసుకెళ్ళొచ్చా?

స్టీల్‌హెడ్ పని సాధారణంగా డిసెంబరు చివర నుంచి మార్చి దాకా. ప్రవేశం ఉచితం. గుడ్లు తీసే రోజులు వారానికి కొన్నే, అవి కూడా చేపల రాకను బట్టి ఉంటాయి. ముందు ఫోన్ చేసి కనుక్కోండి. ఉదయం పూట వెళ్ళండి. పెద్దవాళ్ళకు స్వెటర్, మంకీ క్యాప్ తప్పనిసరి, నీళ్ళ పక్కన చలి ఎముకల్లోకి దిగుతుంది. నేల చదునుగానే ఉంటుంది, నడవడం కష్టం కాదు. పిల్లలకు పక్కనే అమెరికన్ రివర్ ట్రౌట్ హేచరీ కూడా ఉంది.

డ్యామ్ తీసేస్తే ఈ బాధంతా ఉండదు కదా?

కొన్నిచోట్ల తీసేశారు కూడా. క్లామత్ నది మీద నాలుగు డ్యాములను 2024కల్లా తొలగించారు. ఆ శరత్కాలంలోనే సాల్మన్ పాత అడ్డంకి దాటి పైకి వెళ్ళింది. కానీ ఫోల్సమ్ సంగతి వేరు. శాక్రమెంటో నగరాన్ని వరద నుంచి కాపాడేదీ, లక్షల మందికి నీళ్ళిచ్చేదీ ఆ డ్యామే. నేనూ ఆ నీళ్ళే తాగుతున్నాను. అది ఉన్నంతకాలం హేచరీ ఉండాల్సిందే.

మన పులసకు ఇలా చేయలేమా?

గోదావరి జిల్లాలవాళ్ళు ఆఖర్న అడిగేది ఇదే, అడగాల్సిందీ ఇదే. పులస కూడా సముద్రం నుంచి వరద నీటికి ఎదురీదుతూ గుడ్లు పెట్టడానికి వచ్చే చేప. దానికీ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట అడ్డు.

కానీ పని అంత తేలిక కాదు. స్టీల్‌హెడ్‌ని మత్తిచ్చి, తడిమి, సూది గుచ్చి, తిరిగి వదలొచ్చు. పులస ఇలిస (హిల్సా) జాతిదే, ఆ చేప వలలోంచి తీస్తుండగానే ప్రాణం వదులుతుంది, పొలుసులు చేతికే ఊడొస్తాయి. దాని గుడ్డు మిల్లీమీటరు కన్నా చిన్నది, ఒక్క తల్లిలో లక్షలు ఉంటాయి, ఒక్క రోజులో పొదుగుతాయి. అప్పుడు పుట్టిన పిల్లకు పొడి మేత పెట్టలేం, నీళ్ళలోని సూక్ష్మజీవుల్ని పెంచి పెట్టాలి.

అయినా ప్రయత్నాలు ఉన్నాయి. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ మొదలయ్యాక ఎగువన ఇలిస పడిపోయింది. బారక్‌పూర్‌లోని కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అక్కడి పడవల్లోనే పండిన చేపల నుంచి గుడ్లు, వీర్యం తీసి కలిపి పిల్లల్ని పొదిగించారు. ఫరక్కా దిగువన పట్టిన బతికున్న ఇలిసలను ఎగువన వదిలి, కొన్నిటికి ట్యాగులు కట్టి ఎంతదూరం పోతున్నాయో గమనిస్తున్నారు. ట్యాగు ఉన్న చేప దొరికిన జాలరి చెప్పాలి, అప్పుడే లెక్క తెలుస్తుంది. గోదావరి మీద ఇలాంటిది చేయాలంటే మొదలు కావాల్సిందీ యానాం, రాజోలు, ధవళేశ్వరం జాలర్లతోనే. పండిన చేప ఏ రోజున, ఏ పాయలో, ఎంత నీటిలో పడుతుందో వాళ్ళకే తెలుసు.